టెక్సాస్ చిల్లీలో మసూర్ పప్పు

మనకు చిల్లీ అంటే మిరపకాయ. టెక్సాస్‌లో చిల్లీ అంటే కూర. ఈ ఒక్క ముక్క తెలియక, అమెరికాలో కొత్తగా దిగిన మనవాళ్లు సూపర్‌మార్కెట్లో ‘చిల్లీ పౌడర్’ డబ్బా కొనుక్కొచ్చి పప్పులో వేసేసుకుంటారు. అది కారప్పొడి కాదండీ బాబూ. ఎండుమిర్చి పొడిలో జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో అనే ఆకు కలిపిన మసాలా. కొన్ని డబ్బాల్లో ఉప్పు కూడా ఉంటుంది. మామిడికాయ పప్పులో అది పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అసలు టెక్సాస్ చిల్లీ అంటే గొడ్డుమాంసం ముక్కలు, ఎండుమిర్చి ముద్ద, జీలకర్ర, వెల్లుల్లి. అంతే. 1977లో ఆ రాష్ట్ర శాసనసభ దాన్ని అధికారిక రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. మిగతా అమెరికాలో చాలామంది చిల్లీలో రాజ్మాలాంటి బీన్స్ వేస్తారు. టెక్సాస్ వాళ్ల ముందు మాత్రం ఆ మాట ఎత్తకండి. మన దగ్గర హైదరాబాదీ బిర్యానీలో టొమాటో వేశానని చెప్పినట్టు చూస్తారు. మెక్సికో సరిహద్దు పక్కన టెర్లింగువా అని ఒకప్పటి పాదరసం గనుల ఊరుంది. గనులు మూతబడ్డాక దాదాపు ఖాళీ అయిపోయింది. 1967లో అక్కడ ఇద్దరు రచయితలు ఎవరి చిల్లీ గొప్పదో తేల్చుకుందామని పోటీకి దిగారు. ఫలితం టై. కానీ ఆ పోటీ సరదా అంటుకుంది. ఇప్పటికీ ఏటా నవంబర్ మొదటి శనివారం నాటికి వేలమంది గిన్నెలు, పొయ్యిలు వేసుకుని ఆ ఎడారికి వెళ్తారు. పోటీ నిబంధనల్లో స్పష్టంగా ఉంటుంది: బీన్స్ వేయకూడదు.

బీన్స్‌కే దిక్కులేని చోట పప్పు వేసి, మాంసం తీసేసి, వెన్నా చీజూ కూడా లేకుండా చిల్లీ వండాలి. ఈ పని నా మీద పడింది.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో, ప్రత్తిపాడు వైపు ఓ పల్లెటూరు. నాన్నది మిర్చి వ్యవసాయం. సంక్రాంతి దాటిందంటే మా ఇంటి ముందు కల్లంలో ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయ ఆరబోసి ఉండేది. బి.టెక్ అయ్యాక ఉద్యోగం, ఆ తర్వాత ఇక్కడ డాలస్ పక్కన ఇర్వింగ్. ఇర్వింగ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. గోంగూర దొరుకుతుంది, తెలుగు సినిమా మొదటి ఆట దొరుకుతుంది, ఇంగ్లిష్ మాట్లాడకుండా వారం గడిపేయొచ్చు.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఉంది. శాన్ ఆంటోనియోలో పుట్టి పెరిగిన మెక్సికన్ అమెరికన్. రెండేళ్లుగా వీగన్. అంటే మాంసం, గుడ్డు మాత్రమే కాదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. వాళ్ల నాన్నగారికి 2024 చివర్లో బైపాస్ సర్జరీ అయింది. ఆయన సిటీ బస్సుల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. మాంసం, వెన్న, చీజ్ పక్కన పెట్టమని, ఉప్పు బాగా తగ్గించమని డాక్టర్ చెప్పారట. ఆయన అన్నీ మానేశారు. దాంతోపాటు తిండే మానేశారు! కూతురు పెట్టిన సలాడ్‌ని ఫోర్కుతో అటూ ఇటూ తోసి లేచిపోతారట. పది వారాల్లో బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడిచారు.

ఫిబ్రవరిలో ఓ రోజు లంచ్‌లో నా డబ్బాలో మసూర్ పప్పు కూర చూసి తను అడిగింది. “మీరు మాంసం లేకుండా దేన్నైనా నోటికి తగిలేలా చేస్తారు కదా. మా నాన్నకి చిల్లీ చేసి పెడతావా?”

మాంసం తినని ఇండియన్లలో నేను లేనని చెప్పాను. చికెన్ లేని ఆదివారం నా క్యాలెండర్‌లోనే లేదు. తను నవ్వలేదు. “ఆయనకి వాసన కావాలి. సలాడ్‌కి వాసనుండదు” అంది. ఆ మాట దగ్గర నేను ఇంకేం మాట్లాడలేదు.

ఐ-35 మీద

డాలస్ నుంచి శాన్ ఆంటోనియోకి దాదాపు 270 మైళ్లు. ఐ-35 హైవే ఎక్కి దక్షిణానికి పోవడమే. నాలుగున్నర గంటలు అని మ్యాప్ చెబుతుంది. ఆస్టిన్‌లో ట్రాఫిక్ దయ తలిస్తేనే ఆ లెక్క. దారిలో వేకో, టెంపుల్, ఆస్టిన్, న్యూ బ్రౌన్‌ఫెల్స్. అమెరికా రోడ్ ట్రిప్ అంటే సినిమాల్లో కొండలూ లోయలూ చూపిస్తారు. ఐ-35 అలా ఉండదు. లారీలు, రోడ్డు పనులు, బక్కీస్ అనే పెట్రోల్ బంకు బోర్డులు. ఆ బంకు ఒక్కోటీ మన ఫంక్షన్ హాల్ అంత ఉంటుంది. బాత్రూమ్‌లు శుభ్రంగా ఉంటాయి. అంతకుమించి ఈ దారి గురించి చెప్పేదేం లేదు.

న్యూ బ్రౌన్‌ఫెల్స్ గురించి మాత్రం ఒక ముక్క. అది జర్మన్లు వచ్చి కట్టుకున్న ఊరు. 1890ల్లో విలియం గెభార్ట్ అనే జర్మన్ వలసదారు అక్కడ హోటల్ నడిపేవాడు. మిరపకాయ పంట చేతికొచ్చే కాలంలోనే చిల్లీ వండడం కుదురుతోందని, ఎండుమిర్చిని మసాలా దినుసులతో కలిపి పొడికొట్టి సీసాల్లో పెట్టి అమ్మడం మొదలెట్టాడు. ఇందాక చెప్పిన చిల్లీ పౌడర్ డబ్బా ఊరూరా దొరకడం వెనక ఆయన వ్యాపారం ఉంది. మా అమ్మ ఉగాది ముందు ఏడాదికి సరిపడా కారం కొట్టించి జాడీలకెత్తుతుంది. అదే ఆలోచన. ఈయన దానికి ట్రేడ్‌మార్కు తీసుకున్నాడు.

చిల్లీ క్వీన్స్ కూర్చున్న చోటు

శుక్రవారం సాయంత్రానికి ఊరు చేరాం. చలిగాలి వీస్తోంది. శాన్ ఆంటోనియో అంటే అందరూ అలమో కోటకి, రివర్‌వాక్‌కి వెళ్తారు. తను నన్ను నేరుగా సిటీ హాల్ దగ్గరికి తీసుకెళ్లింది. నాలుగు పక్కలా రోడ్లు, మధ్యలో పాత రాతి భవనం. “వంట మొదలెట్టే ముందు ఇది చూడాలి” అంది.

ఆ చోటి పేరు మిలిటరీ ప్లాజా. 19వ శతాబ్దం చివర్లో పగలు ఇక్కడ కట్టెల బళ్లు, కూరగాయల బళ్లు ఆగేవి. చీకటి పడగానే మెక్సికన్ ఆడవాళ్లు బల్లలు, లాంతర్లు, మట్టికుండలు తెచ్చుకుని వరసగా కూర్చునేవాళ్లు. ఇంటి దగ్గర వండిన చిల్లీని మెస్కీట్ కట్టెల నిప్పు మీద వెచ్చగా ఉంచేవాళ్లు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. సైనికులు, పశువుల కాపర్లు, రైలు దిగిన టూరిస్టులు, పెద్ద పెద్ద వ్యాపారులు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని తినేవాళ్లు. ఆ ఆడవాళ్లనే ‘చిల్లీ క్వీన్స్’ అన్నారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ స్టాల్ పెట్టారంటే ఈ వంట పేరు ఎంత దూరం పాకిందో చూడండి.

పేరు పాకింది గానీ వండినవాళ్లని మాత్రం ఒకచోట కుదురుగా కూర్చోనివ్వలేదు. ప్లాజాలో సిటీ హాల్ కడుతున్నామని అక్కడి నుంచి లేపారు. వేరే ప్లాజాలకి మారారు. 1930ల్లో రోడ్డు పక్కన గిన్నెలు కడగడం శుభ్రం కాదని ఆరోగ్య శాఖ నిబంధనలు పెట్టారు. 1939లో మేయర్ మౌరీ మావెరిక్ వాళ్లని మళ్లీ రానిచ్చారు గానీ అది కొంతకాలమే. 1940ల మొదట్లో బల్లలు శాశ్వతంగా మాయమయ్యాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాటాక శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకం చేసింది! 2017లో యునెస్కో ఈ ఊరిని ఆహార కళల నగరంగా గుర్తించింది. గుర్తింపులు వచ్చేసరికి అవి అందుకోవాల్సినవాళ్లు అక్కడ లేరు. మన ఊళ్లలో మున్సిపాలిటీ బండి వచ్చి ఇడ్లీ బళ్లు ఎత్తుకెళ్లడం చూసినవాళ్లకి దీంట్లో కొత్తేం కనపడదు.

సిటీ హాల్ వెనక మెట్ల మీద కూర్చుని తను చెప్పింది. వాళ్ల నాన్నగారి నాయనమ్మ చిన్నప్పుడు హేమార్కెట్ ప్లాజాలో వాళ్లమ్మ బల్ల దగ్గర గిన్నెలు కడిగిందట. “రాణి కాదు, రాణి గారి గిన్నెలు కడిగే పిల్ల” అంది.

మిరపకాయల లెక్క

శనివారం పొద్దున్నే వెస్ట్ సైడ్‌లో ఓ మెక్సికన్ కిరాణా కొట్టుకి వెళ్లాం. గుంటూరు వాడికి ఆ ఎండుమిర్చి వరస ముందు కాళ్లు ఆగిపోతాయి. ఆంచో: వెడల్పుగా, నల్లగా, ముడతలు పడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుద్రాక్ష వాసన. పొబ్లానో అనే లావుపాటి మిరపకాయని పండించి ఎండబెడితే వచ్చేది ఇదే. గ్వాహీయో: నున్నటి ఎర్రతోలు, పనిలో మన బాడిగ లాంటిది, కారం తక్కువ, రంగెక్కువ. చిపోత్లే: హాలపీన్యో కాయల్ని పొగలో ఎండబెట్టింది. ఆర్బోల్: సన్నగా, పొట్టిగా, మనకు బాగా తెలిసిన మొహం.

మిరపకాయ పుట్టిల్లు మెక్సికో చుట్టుపక్కలే. ‘చిల్లీ’ అన్న పేరు అక్కడి నావాట్ల్ భాషది. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో అది మన తీరానికొచ్చి ఐదొందల ఏళ్లు అవుతోంది. అంతకుముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. కాబట్టి గుంటూరు మిర్చి అని మనం గర్వంగా చెప్పుకునేది వలసొచ్చిన పంట. మరి చిల్లీలో వేసే జీలకర్ర, ఉల్లి, వెల్లుల్లి? అవి మన వైపు ప్రపంచం నుంచి స్పెయిన్ మీదుగా అటు వెళ్లాయి. మసూర్ కూడా పశ్చిమాసియాలో వేల ఏళ్ల కిందట మొదలైన పంట. నా గిన్నెలో పడేవాటిలో ఏది ఎవరిదో విడదీయడం కష్టం.

ఆ కొట్లోంచే నాన్నకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్ తిప్పి వరసంతా చూపించాను.

“ఆ నల్లకాయ ఏందిరా? తాలు కాయా?”

“కాదు నాన్నా, దాని రంగే అంత. ఆంచో అంటారు.”

“ఎంతంట?”

చిన్న ప్యాకెట్, 85 గ్రాములు, 4 డాలర్లు. నేను చెప్పేలోపే ఆయన వేళ్ల మీద లెక్కేసేశారు. కిలో నాలుగు వేల రూపాయలు. అటు నుంచి కాసేపు మాట లేదు. ఆ వారం యార్డులో మా కాయని క్వింటా 10,500కి అడిగారు. కిలో 105 రూపాయలు. రెండేళ్ల కిందట క్వింటా ఇరవై వేలు దాటిన సరుకు అది. కోత కూలీ, కల్లం ఖర్చు, కిరాయి పోతే ఏం మిగులుతుంది? అందుకే 60 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నారు. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటుందని వార్త వచ్చింది. పెట్టుబడికే చాలదని నాన్న అప్పటికే తేల్చేశారు.

నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. ఆయన మాత్రం “తొడిమతో అమ్ముతున్నారా, తీసి అమ్ముతున్నారా?” అని అడిగారు.

“తొడిమతోనే.”

“తొడిమతో నాలుగు వేలా! సరే పెట్టేయ్. తేమ చూసి తీసుకో, విరిస్తే టప్ మనాలి.”

ఆంచో విరిస్తే టప్ మనదు నాన్నా, తోలులా వంగాలి, అదే మంచి సరుకు అని చెబితే నమ్మలేదు.

వంటింట్లో

ఇక వంటకొద్దాం. ఆరుగురికి సరిపడా లెక్క చెబుతాను. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పీజీలో ఉన్నవాళ్లకి పనికొచ్చే ప్రత్యామ్నాయాలు కూడా చెబుతాను.

పప్పు రెండు రకాలు కావాలి. పొట్టుతో ఉన్న గుండు మసూర్ రెండు కప్పులు, పొట్టు తీసిన ఎర్ర మసూర్ అర కప్పు. గుండు మసూర్ ఉడికినా ఆకారం పోదు, పంటికి తగులుతుంది. మాంసం కీమా చేసే పని అది చేస్తుంది. ఎర్రది పూర్తిగా కరిగి గుజ్జుకి చిక్కదనం ఇస్తుంది. రెంటికీ నానబెట్టే పనిలేదు. కుక్కర్ వద్దు, మూడు కూతలకి అంతా ముద్దపప్పు అయిపోతుంది. మసూర్ పప్పు వంద గ్రాముల్లో దాదాపు పాతిక గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కాబట్టి జిమ్ బ్యాచ్ కూడా నిశ్చింతగా తినొచ్చు.

ముందు మిరపకాయలు. నాలుగు ఆంచో, మూడు గ్వాహీయో, ఒక చిపోత్లే. తొడిమలు తీసి, గింజలు దులిపి, పొడి పెనం మీద సన్న సెగన అటో పది సెకన్లు, ఇటో పది సెకన్లు. వాసన లేవగానే దించేయాలి. నల్లబడితే కూర మొత్తం చేదు. ఆ తర్వాత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి మెత్తగా మిక్సీ పట్టి వడగట్టాలి. ఇండియాలో ఇవి దొరక్కపోతే ఆరేడు బాడిగ మిరపకాయలు, రెండు ఎండుద్రాక్షలు కలిపి రుబ్బండి. పొగవాసన కోసం ఒక టొమాటోని స్టవ్ మంట మీద నల్లగా కాల్చి వేసుకోండి. ఆంచో రాదు గానీ దాని పక్కింటి రుచి వస్తుంది.

తొడిమలు తీస్తూ ఉండగా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. పెద్దాయన వచ్చి కూర్చున్నారు. అప్పటిదాకా హాల్లో టీవీ ముందు ఉన్నారు. నాతో హలో తప్ప ఏం మాట్లాడలేదు. పెనం మీద మొదటి ఆంచో వాసన హాల్లోకి వెళ్లినట్టుంది. ఏమీ అడక్కుండా నా ముందున్న గిన్నె తన వైపు లాక్కుని తొడిమలు విరవడం మొదలెట్టారు. బొటనవేలితో తొడిమ మొదలు పట్టుకుని పక్కకి ఓ చిన్న విరుపు. గుంటూరు యార్డు చుట్టుపక్కల షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు కూడా అలాగే కదులుతాయి. కిలోకి ఇంత అని కూలీ కాబట్టి వాళ్లవి ఇంకా వేగం.

కూతురు వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆపరేషన్ అయ్యాక ఆయన ఈ గదిలోకి రావడం అదే మొదటిసారట. ఆ సంగతి నాకు తర్వాత చెప్పింది.

గుండు మసూర్‌ని ముందు విడిగా, ఉప్పు లేకుండా, ముప్పావు వంతు ఉడికించాలి. ఇది ముఖ్యం. టొమాటో పులుపు పడ్డాక పప్పు మొండికేస్తుంది, గంటసేపు కాచినా లోపల పలుకు పోదు. చింతపండు పోశాక ముక్క ఉడకదని అమ్మలు చెప్పే రూలే ఇక్కడా వర్తిస్తుంది.

మందపాటి ఇనప దాక పెట్టి రెండు చెంచాల నూనెలో పావుకిలో పుట్టగొడుగులు సన్నగా తరిగి వేయాలి. నీరంతా ఇగిరి గోధుమరంగు వచ్చేదాకా కదలకండి. మాంసం లేని లోటు ఎక్కువ భాగం తీర్చేది ఈ స్టెప్పే, తొందరపడితే లాభం లేదు. అవి తీసి పక్కన పెట్టి అదే దాకలో రెండు పెద్ద ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు క్యారెట్లు, ఒక పొబ్లానో (లేదా క్యాప్సికం), ఒక పెద్ద చిలగడదుంప ముక్కలు. అవి మగ్గాక రెండు చెంచాల టొమాటో పేస్టు వేసి అడుగున ఎర్రగా అంటుకునేదాకా వేయించాలి. రెండు చెంచాల వేయించిన జీలకర్ర పొడి, ఒక చెంచా ఒరెగానో. ఇప్పుడు మిరపకాయ ముద్ద. నూనె పైకి తేలేదాకా వేయించడం ఎలాగో తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత పప్పులు రెండూ, పుట్టగొడుగులు, ఉప్పు కలపని టొమాటో డబ్బా పెద్దది ఒకటి (800 గ్రాములు), నాలుగు కప్పుల నీళ్లు. తీపి లేని కోకో పొడి ఒక చెంచా. అదేంటి అనకండి. మెక్సికోలో మోలే అనే గ్రేవీల్లో కొన్నిట్లో చాక్లెట్ వేస్తారు. చాక్లెట్ రుచి తెలీదు, గుజ్జు రంగు, లోతు మారతాయి. సన్న సెగన ముప్పావు గంట. ఉప్పు చివర్లో, అదీ అర చెంచానే. మిగతా లోటు నిమ్మరసం పూడుస్తుంది. నేను అప్పటిదాకా ఉప్పు తగ్గించి వండింది తక్కువ. పులుపు, పొగ, వేయించిన వాసన మూడూ కలిస్తే నాలుక ఉప్పు గురించి అంతగా గోల చేయదని ఆ దాక దగ్గరే అర్థమైంది.

కారం? ఆంచో, గ్వాహీయోల్లో మనకి కావాల్సిన కారం ఉండదు. నా బ్యాగులో చిన్న జిప్‌లాక్ కవర్లో మా చేలో తేజ కాయలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తీశాను. పెద్దాయన చేయి చాపి దాన్ని అందుకున్నారు. వెలుతురుకి పెట్టి చూశారు.

“ఆర్బోలా?”

“కాదు సర్. తేజ. మా నాన్న పండించింది.”

“కిలో ఎంతకి అమ్ముతాడు?”

చెప్పాను. ఒక డాలరు, ఇంకో పావు. ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, బల్ల మీదున్న ఆంచో ప్యాకెట్ తిప్పి, వెనక అంటించిన ధర చూసి, స్పానిష్‌లో ఏదో అన్నారు. కూతురు అనువదించలేదు. అక్కర్లేదు కూడా.

ఆ తేజ కాయని గింజలు తీయకుండా నిలువుగా చీల్చి దాకలో వేసింది ఆయనే.

గరిట చేతులు మారింది

అరగంట ఉడికాక మూత తీసి ఒక చెంచా నోట్లో వేసుకున్నారు. దగ్గొచ్చింది. కూతురు పరిగెత్తుకొచ్చింది. చేత్తో ఆగమన్నారు. ఇంకో చెంచా. “పలచగా ఉంది” అని లేచి, పైన అరలోంచి మాసా అనే మొక్కజొన్న పిండి తీశారు. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నతో చేసే పిండి అది, టోర్టియాలకి వాడతారు. రెండు చెంచాలు నీళ్లలో జారుగా కలిపి పోసి, గరిట నా చేతిలోంచి తీసుకుని తిప్పడం మొదలెట్టారు. ఇక ఆ దాక నాది కాదు. (మీ దగ్గర మాసా లేకపోతే మొక్కజొన్న రొట్టె పిండిని కాస్త దోరగా వేయించి వాడండి. వాసన పూర్తిగా అదే రాదు, చిక్కదనం వస్తుంది.)

తిప్పుతూనే మాట్లాడారు. నేను పప్పు చూసి ఆయన మొహం మాడ్చుకుంటారనే అనుకున్నాను. టెక్సాస్‌వాడు కదా! ఆయన వేరే మాట చెప్పారు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల లెంట్ ఉపవాసాల్లో శుక్రవారాలు క్యాథలిక్కులు మాంసం తినరు. ఆయన చిన్నప్పుడు ఆ శుక్రవారాల్లో వాళ్లమ్మ లెంతేహాస్ చేసేదట. మసూర్ పప్పు పులుసు లాంటిది. క్యారెట్, టొమాటో వేసి. “ఇది చిల్లీ కాదు మీహో. మా అమ్మ లెంతేహాస్‌కి చిల్లీ బట్టలు తొడిగావు నువ్వు” అన్నారు. మీహో అంటే మన ‘నాయనా’ లాంటి పిలుపు.

వాళ్ల నాయనమ్మ గురించి కూడా చెప్పారు. ఆమె ముసలితనంలో కూడా టీవీలో ఎవరైనా చిల్లీ క్వీన్స్ గురించి అందంగా మాట్లాడితే ఛానెల్ మార్చేయమనేదట. ఆమెకి గుర్తున్నది లాంతర్లూ పాటలూ కాదు, చలికాలం రాత్రి చల్లటి నీళ్లలో గిన్నెలు తోముతుంటే పగిలిన వేళ్లు. ఆ కథ ఏ టూరిస్టు బోర్డు మీదా నేను చూడలేదు.

తినేటప్పుడు చీజ్, పుల్లటి క్రీమ్ బదులు అవకాడో ముక్కలు, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మచెక్క. పక్కన పాలూ గుడ్డూ వేయకుండా కూతురు చేసిన కార్న్‌బ్రెడ్. అది కాస్త పొడిపొడిగా రాలింది, చిల్లీలో ముంచితే సర్దుకుంది. పెద్దాయన పెద్ద గిన్నెడు తిన్నారు, మధ్యలో ఒకసారి ముక్కు తుడుచుకుని. రెండోసారి వేయబోతే చేయి అడ్డం పెట్టారు. “రేపటికి ఇంకా బాగుంటుంది” అన్నారు. నిజమే, మన చేపల పులుసు లాగే ఇది కూడా ఒక రాత్రి ఆగాలి. పప్పు రసం పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి మర్నాడు అరకప్పు వేడినీళ్లు పోసి వెచ్చబెట్టుకోవాలి.

రాత్రి ఎనిమిదికి నాన్న నుంచి కాల్. అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర. పెద్దాయన ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నారు. ఆయనకి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లిష్ రెండు మూడు మాటలు. ఆయన తేజ కాయ తొడిమ కెమెరాకి చూపించి బొటనవేలు పైకెత్తారు. నాన్న కాసేపు చూసి, “ఒరే, ఆయన్ని అడుగు. అక్కడ కోల్డ్ స్టోరేజీలో టిక్కీకి అద్దె ఎంత?” అన్నారు. నేను అనువదించాను. పెద్దాయన సీరియస్‌గా ఆలోచించి, తన ఫ్రీజర్ తలుపు తెరిచి చూపించారు. ఖాళీగా ఉంది. అద్దె లేదన్నారు. నాన్న నవ్వడం నెల రోజుల తర్వాత అప్పుడే చూశాను.

మిగిలిన చిల్లీని ఒక్కో డబ్బాలో ఒక పూటకి సరిపడా పోసి ఆ ఫ్రీజర్‌లోనే పెట్టాం. పూర్తిగా చల్లారాక పెట్టాలి, డబ్బా పైన వేలెడు ఖాళీ వదలాలి. అవకాడో, కొత్తిమీర కలపకుండా పెడితే రెండు మూడు నెలలు ఉంటుంది. మా లెక్క ప్రకారం ఆరు డబ్బాలు. పెద్దాయన ఒక్కో మూత మీద టేపు అంటించి మెకానిక్ చేతిరాతతో తారీఖు వేశారు.

ఆదివారం పొద్దున తిరుగు ప్రయాణం. ఆస్టిన్‌లో గంటన్నర ఇరుక్కున్నాం. సోమవారం స్టాండప్ మీటింగ్ మధ్యలో తను నాకో ఫొటో పంపింది. వాళ్ల పక్కింటావిడ ద్వారా తెప్పించిన ఫ్రీజర్ ఫొటో. డబ్బాలు నాలుగే ఉన్నాయి.